వీపీపీ నుంచి ఓటీపీ దాకా: చిన్న అమ్మకందారుకు కార్డు డబ్బు చేరిన దారి

ఈ వారం ఎస్సే సాధనకు తీసుకున్న అంశం ఏ కోచింగ్ మెటీరియల్ నుంచీ రాలేదు. నెల్లితోపులో నేను అద్దెకుంటున్న ఇంటి పై వాటాలో ఒక అక్క ఉంటుంది. మాలాగే యానాం నుంచి వచ్చిన కుటుంబం. టెర్రకోట నగలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. నెలకు పదిహేను ఆర్డర్లు, పండగ నెలైతే ఇరవై అయిదు. పోయిన నెల మెట్ల దగ్గర ఆపి అడిగింది: "తమ్ముడూ, నువ్వు ఎకానమీ చదువుతున్నావు కదా. కార్డు మీద కట్టిన డబ్బు నా ఖాతాలో పడిపోయాక కూడా వెనక్కి లాక్కుంటారా?"

జరిగింది ఇదీ. విదేశం నుంచి 2,400 రూపాయల ఆర్డర్ వచ్చింది. కార్డుతో కట్టారు, డబ్బు పడింది, అక్క సరుకు పంపేసింది. అయిదు వారాలయ్యాక ఆ కార్డు అసలు యజమాని "ఈ కొనుగోలు నాది కాదు" అని తన బ్యాంకుకు ఫిర్యాదు చేశాడట. మధ్యలో ఉన్న చెల్లింపుల కంపెనీ ఆ 2,400నూ, పైన ఇంత రుసుమునూ, ఆమె తర్వాతి అమ్మకాల్లోంచి కోసుకుంది. నగలూ పోయాయి, డబ్బూ పోయింది.

ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. యూపీఐ ఎప్పుడు మొదలైందో, ఎన్‌పీసీఐ ఎవరి కింద ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఈ ప్రశ్నకు మాత్రం నోట్స్‌లో పేజీ లేదు. వెతుక్కుంటూ పోతే తేలిందేమిటంటే, దూరం నుంచి డబ్బు తీసుకోవడమనే సమస్యకు దాదాపు 150 ఏళ్ల చరిత్ర ఉంది. ప్రతి దశలోనూ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కొన్నవాడూ అమ్మినవాడూ ఒకరినొకరు చూడనప్పుడు, మోసం జరిగితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

మన దేశంలో దీనికి తొలి వ్యవస్థాగతమైన జవాబు తపాలా శాఖ ఇచ్చింది. 1877లో వాల్యూ పేయబుల్ పోస్ట్ వచ్చింది. పాత తెలుగు పత్రికల ప్రకటనల్లో "వి.పి.పి. ద్వారా పంపబడును" అని కనిపించేది ఇదే. పోస్ట్‌మన్ పార్సిల్ తెచ్చి, డబ్బు వసూలు చేసుకుని, దాన్ని అమ్మినవాడికి పంపుతాడు. మనీ ఆర్డర్ 1880లో మొదలైంది, ఈ రెండూ జోడెడ్లలా నడిచాయి. పుస్తకాలు, మందులు, గడియారాలు పల్లెటూళ్ల దాకా చేరాయంటే ఈ ఏర్పాటు వల్లే. అమ్మేవాడికి బ్యాంకు ఖాతా అక్కర్లేదు, కొనేవాడికి చదువు కూడా అక్కర్లేదు. మధ్యలో ఉన్నది ప్రభుత్వం కాబట్టి డబ్బు మీద ఇద్దరికీ నమ్మకం ఉండేది. అయితే కొనేవాడు గుమ్మం దగ్గర "వద్దు" అంటే రానుపోను తపాలా ఖర్చు అమ్మినవాడిదే. అట్ట డబ్బాలో పాత కాగితాలు కుక్కి పంపే మోసగాడు ఎదురైతే నష్టం కొన్నవాడిది. తపాలా శాఖ డబ్బు చేరవేసింది కానీ పూచీ పడలేదు. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టినప్పుడు చాలామంది దాన్ని కొత్త ఆలోచన అనుకున్నారు. వీపీపీ తెలిసిన మా తాతయ్య తరం మాత్రం అనుకుని ఉండదు.

ఇక పుదుచ్చేరి సంగతి. ఇది అప్పట్లో ఫ్రెంచి వలస. 1875లో పారిస్‌లో పుట్టిన బాంక్ ద లాందోషీన్ తెరిచిన తొలి శాఖల్లో పుదుచ్చేరి ఒకటి. భారతీ పార్కు పక్కనున్న ఆ పాత భవనంలో ఇప్పుడు యూకో బ్యాంకు ఉంది. ఆ బ్యాంకు అవసరం ఎగుమతి వ్యాపారులది. విలియనూరు కుమ్మరికి దానితో పనేమీ లేదు. పెద్ద వ్యాపారికి బ్యాంకు, చిన్న వ్యాపారికి తపాలా. ఈ విభజనను గుర్తుంచుకోండి, కార్డుల కాలంలోనూ ఇదే మళ్లీ కనిపిస్తుంది.

కార్డు అమెరికాలో పుట్టింది. 1950లో డైనర్స్ క్లబ్ వచ్చింది, అది హోటళ్లలో తిరిగే ధనికుల కోసం. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో ఎవరూ అడగకుండానే 60,000 మందికి తపాలాలో కార్డులు పంపేసింది. తర్వాత 1976లో వీసా అని పేరు మార్చుకున్నది ఆ కార్డే. ఎగవేతలు, మోసాలు విపరీతంగా జరిగి తొలి ఏళ్లలో బ్యాంకు భారీగా నష్టపోయింది. అయినా వదల్లేదు, ఎందుకంటే ఆ పథకానికి డబ్బు రెండు వైపుల నుంచి వస్తుంది: కార్డుదారు కట్టే వడ్డీ, దుకాణదారు కట్టే కమీషన్.

మన దేశానికి డైనర్స్ క్లబ్ 1961లో వచ్చింది. భారతీయ బ్యాంకుల్లో సెంట్రల్ బ్యాంకు 1980లో, మన ఆంధ్రా బ్యాంకు 1981లో కార్డులు తెచ్చాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో రైతులకు, చిన్న వర్తకులకు పనికొస్తుందని పెట్టిన బ్యాంకు దేశంలో క్రెడిట్ కార్డుకు దారి తీసిన తొలి బ్యాంకుల్లో ఒకటి కావడం విశేషమే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ప్రిలిమ్స్ రాసేవాళ్లకు ఈ విలీన తేదీ ఎలాగూ కంఠస్థమే.

ఆ రోజుల్లో కార్డు తీసుకోవడమంటే ఒక ఇనుప యంత్రం మీద కార్డు పెట్టి, పైన కార్బన్ చీటీ వేసి, పిడిని ఇటు నుంచి అటు లాగడం. కార్డు మీది ఉబ్బెత్తు అంకెలు చీటీ మీద పడేవి. మొత్తం పెద్దదైతే బ్యాంకుకు ఫోన్ చేసి అనుమతి అడగాలి. దొంగ కార్డుల నంబర్ల జాబితా కౌంటర్ దగ్గర ఉండేది. దుకాణదారు ఈ జాగ్రత్తలన్నీ తీసుకుని సంతకం సరిచూసుకుంటే, తర్వాత అది దొంగ కార్డని తేలినా సాధారణంగా నష్టం బ్యాంకుది. ఎదురుగా మనిషి ఉన్నాడు, కార్డు ఉంది, సంతకం ఉంది.

మరి ఫోన్‌లోనో ఉత్తరంలోనో నంబరు చెప్పి కొంటే? కార్డు లేదు, సంతకమూ లేదు. ఇలాంటి అమ్మకాలకు కార్డు సంస్థలు వేరే నియమం పెట్టాయి: కార్డుదారు "నేను కొనలేదు" అంటే డబ్బు వెనక్కి పోతుంది, ఆ నష్టం అమ్మినవాడిది. దీని పేరే చార్జ్‌బ్యాక్. అక్క ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడే దొరికింది. ఆమెను దెబ్బతీసిన నియమం ఇంటర్నెట్ కంటే పాతది.

ఇంటర్నెట్ చేసిన పనల్లా ఈ నియమం కిందికి లక్షల మంది కొత్తవాళ్లను తెచ్చి పడేయడం. 1994 ఆగస్టు 11న అమెరికాలో నెట్‌మార్కెట్ అనే చిన్న సంస్థ గాయకుడు స్టింగ్ సీడీ ఒకదాన్ని 12 డాలర్ల 48 సెంట్లకు, తపాలా ఖర్చు అదనంగా, అమ్మింది. కార్డు నంబరు గుప్తలిపిలో ప్రయాణించిన తొలి అమ్మకంగా దాన్ని చెప్తారు. నంబరు దారిలో దొంగల చేతిలో పడకుండా గుప్తలిపి కాపాడుతుంది. ఆ నంబరు కొట్టినవాడు దాని యజమానో కాదో మాత్రం అది చెప్పలేదు. ఈ తేడాను జవాబు పత్రంలో ఒక్క వాక్యంలో రాయగలిగితే చాలు, పరీక్షకుడికి మీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

చిన్న అమ్మకందారుకు ఇంకో అడ్డంకి ఉండేది. కార్డు తీసుకోవాలంటే బ్యాంకులో మర్చంట్ ఖాతా కావాలి. దరఖాస్తు రుసుము, నెలవారీ రుసుము, డిపాజిట్, ఇవికాక ప్రతి అమ్మకం మీదా కమీషన్. లెక్క వేసి చూడండి. నెలవారీ రుసుము వెయ్యి రూపాయలనుకుందాం. అయిదు వందల రూపాయల వస్తువులు పది అమ్మే మనిషికి రాబడి 5,000. అందులో 20 శాతం రుసుముకే పోతుంది. అదే రుసుము కట్టి అయిదు లక్షలు అమ్మే దుకాణానికి అది 0.2 శాతం. ఎవరూ తలుపు మూయలేదు, గడపను మాత్రం ఎత్తుగా కట్టారు.

ఈ గడపను దించినవాళ్లు మధ్యవర్తులు. అమెరికాలో పేపాల్ 1999-2000 ప్రాంతంలో ఈబే వేలాల్లో పాత సామాను అమ్ముకునే మామూలు మనుషుల తరఫున తానే కార్డు తీసుకోవడం మొదలుపెట్టింది. బ్యాంకు కంటికి వ్యాపారి పేపాల్ ఒక్కటే, దాని వెనుక వేలమంది చిన్నవాళ్లు. స్థిర రుసుము లేదు, అమ్మితేనే కమీషన్. 2002లో ఈబే దాన్ని 150 కోట్ల డాలర్లకు కొనేసింది. మన దగ్గర బిల్‌డెస్క్, సీసీఅవెన్యూ వంటివి 2000 తర్వాత వచ్చాయి. రేజర్‌పే తరం 2014 నాటిది.

అయితే మధ్యవర్తి చేతిలో వేలమంది డబ్బు ఉంటుంది. అతను మునిగితే? ఇక్కడ రిజర్వ్ బ్యాంకు రంగంలోకి దిగింది. 2007 నాటి చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం 2008 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. దాని కింద 2009 నవంబరు 24న ఇచ్చిన ఆదేశాల ప్రకారం మధ్యవర్తి వసూలు చేసిన సొమ్మును సొంత ఖాతాలో కాకుండా బ్యాంకులో విడి ఖాతాలో ఉంచాలి, రోజుల గడువులో వ్యాపారికి చేర్చాలి. 2020 మార్చి 17న మధ్యవర్తులకే అనుమతి తప్పనిసరి చేసి పేమెంట్ అగ్రిగేటర్లు అని పేరు పెట్టింది. దరఖాస్తు నాటికి 15 కోట్ల నికర విలువ, మూడేళ్లలో 25 కోట్లు. మధ్యవర్తికి ఎత్తు గడప, దాని వెనుకున్న చిన్నవాడికి తక్కువ గడప. ఈ భాగం వరకు మన నియంత్రణ సరిగ్గానే ఆలోచించిందని నా అభిప్రాయం.

అసలు మలుపు ఇంకొకటి. 2009 ఫిబ్రవరి 18న రిజర్వ్ బ్యాంకు, కార్డు ఎదురుగా లేని ఆన్‌లైన్ లావాదేవీలన్నిటికీ అదనపు ధ్రువీకరణ ఉండాలని ఆదేశించింది. అమలు అదే ఏడాది ఆగస్టు 1 నుంచి. మొదట పాస్‌వర్డు, తర్వాత మనందరికీ అలవాటైన ఓటీపీ. అప్పట్లో దీన్ని చాలామంది తిట్టారు. పేజీ తెరుచుకోదు, సందేశం రాదు, అమ్మకం మధ్యలో ఆగిపోతుంది. ప్రపంచంలో చాలాచోట్ల లేని కట్టుబాటు మనకెందుకని వ్యాపార సంస్థలు అడిగాయి. 2014లో ఊబర్ విదేశీ బ్యాంకు ద్వారా చెల్లింపు తీసుకుని ఈ ధ్రువీకరణను దాటవేస్తే, ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆ దారి మూసేసింది. వినియోగదారు భద్రతకు ఉదాహరణగా దీన్ని అందరూ రాస్తారు. నేను చిన్న అమ్మకందారు వైపు నుంచి చూడమంటాను. ఓటీపీ కొట్టి చేసిన కొనుగోలును తర్వాత "నాది కాదు" అంటే, ఆ మోసపు నష్టాన్ని కార్డు ఇచ్చిన బ్యాంకు మోయడం కార్డు సంస్థల సాధారణ నియమం. సంతకం, కార్బన్ చీటీల కాలంలో దుకాణదారుకున్న రక్షణ దాదాపుగా తిరిగొచ్చింది. అక్కకు మూడేళ్లలో దేశంలోని కార్డుల మీద ఒక్క చార్జ్‌బ్యాక్ కూడా రాలేదు.

ఆ ధ్రువీకరణ మన దేశంలో జారీ అయిన కార్డులకే తప్పనిసరి. విదేశీ బ్యాంకు ఇచ్చిన కార్డుకు మన నియమం వర్తించదు. ఓటీపీ లేకుండా వచ్చిన ఆ చెల్లింపు పాత తపాలా ఆర్డర్ లాంటిదే, నష్టం అమ్మినవాడిదే. అక్క ప్రశ్నకు మిగతా సగం సమాధానం ఇది.

పుదుచ్చేరి వాళ్లకు విదేశీ కొనుగోలుదారు అరుదేమీ కాదు. 1962లో విలీనం చట్టబద్ధమైనప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలున్నాయి, వాళ్ల పిల్లలు, మనుమలు ఫ్రాన్సులో ఉన్నారు. పర్యాటకులు సరేసరి. విలియనూరు టెర్రకోటకు, తిరుక్కనూరు కాగితపు గుజ్జు బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇలాంటి సరుకుకు డబ్బు విదేశం నుంచి రావడం ఎంత కష్టమయ్యేదో 2010-11 చెప్తుంది. 2010 ఫిబ్రవరిలో పేపాల్ భారతదేశానికి వ్యక్తిగత చెల్లింపులు ఆపేసింది. ఆ నవంబరులో రిజర్వ్ బ్యాంకు ఆన్‌లైన్ ఎగుమతి వసూళ్లకు ఒక్కో లావాదేవీకి 500 డాలర్ల పరిమితి పెట్టింది. 2011లో దాన్ని 3,000కూ, 2013లో 10,000 డాలర్లకూ పెంచింది. 2023 అక్టోబరు 31న సరిహద్దు దాటే చెల్లింపుల మధ్యవర్తులకు విడిగా నియమాలొచ్చాయి, పరిమితి ఒక్కో వస్తువుకు 25 లక్షల రూపాయలు. పరిమితి పెరుగుతూ వచ్చింది, దానిమీద ఎన్నో సర్క్యులర్లున్నాయి. విదేశీ కార్డు మోసంలో నష్టం ఎవరిదన్నది మాత్రం కార్డు సంస్థల ఒప్పందాలకే వదిలేశారు. 2017 జులై 6 నాటి సర్క్యులర్ మన ఖాతాదారుకు మూడో పక్షం చేసిన మోసంలో మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే బాధ్యత సున్నా అంది. మంచి నియమం. నెలకు పదిహేను ఆర్డర్ల మనిషికి అలాంటిది ఒకటి ఉండాలని ఎవరికీ తోచలేదు.

ఇక కమీషన్ సంగతి. మా నెల్లితోపుకు ఇక్కడో చిన్న పాత్ర ఉంది. (నెల్లి అంటే తమిళంలో ఉసిరి. ఉసిరితోపన్నమాట. ఇప్పుడు చెట్టు కనపడదు.) 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. విలువలో దాదాపు 86 శాతం నగదు చెల్లకుండా పోయిన ఆ రోజుల్లోనే ఇక్కడ ఉపఎన్నిక. నవంబరు 19న పోలింగ్. ముఖ్యమంత్రి వి. నారాయణసామి ఇక్కడి నుంచే గెలిచి శాసనసభలోకి వెళ్లారు. ఓటర్ల వరుస, ఏటీఎం వరుస ఒకే పక్షంలో చూసిన నియోజకవర్గం ఇది.

నగదు కరవైన ఆ నెలల్లో కార్డు కమీషన్ రాజకీయ విషయమైంది. డెబిట్ కార్డుల మీద దీనికి 2012 సెప్టెంబరు నుంచే పరిమితి ఉంది: 2,000 రూపాయల దాకా 0.75 శాతం, ఆపైన 1 శాతం. 2017 జనవరి నుంచి చిన్న మొత్తాలకు తాత్కాలికంగా తగ్గించారు. 2018 జనవరి 1 నుంచి తొలిసారి వ్యాపారి పరిమాణాన్ని బట్టి విడదీశారు: వార్షిక అమ్మకాలు 20 లక్షల లోపైతే డెబిట్ కార్డు మీద 0.40 శాతం మించకూడదు, ఆపైవారికి 0.90. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్, యూపీఐల మీద సున్నా. క్రెడిట్ కార్డు మీద మాత్రం పరిమితి ఏ రోజూ లేదు. గ్రూప్ డిస్కషన్లలో "ఇప్పుడు చెల్లింపులన్నీ ఉచితమే కదా" అనేవాళ్లకు ఇది గుర్తు చేయండి. 2022లో రూపే క్రెడిట్ కార్డు యూపీఐతో కలిశాక చిన్న వ్యాపారులకు 2,000 రూపాయల దాకా కమీషన్ లేదన్నారు, అది ఒక మినహాయింపు. సున్నా అన్నచోట కూడా ఖర్చు మాయం కాలేదు. బ్యాంకులకు ఖజానా నుంచి ప్రోత్సాహకం వెళ్తోంది. 2024-25కు కేంద్రం 1,500 కోట్లు కేటాయించింది.

కమీషన్ మీద మళ్లీ పన్ను. 600 రూపాయల హారం మీద కమీషన్ 2 శాతమనుకుంటే 12 రూపాయలు. 2,400 మీద 48, దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 56 రూపాయల 64 పైసలు. 2,000 లోపు అమ్మకం మీద ఆ జీఎస్టీ లేదు. అగ్రిగేటర్లకూ ఈ మినహాయింపు వర్తిస్తుందా లేదా అని 2024లో పెద్ద చర్చ నడిచి, డిసెంబరు 21న 55వ జీఎస్టీ మండలి వర్తిస్తుందని స్పష్టం చేసింది.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి నాకు బాగా నచ్చిన మెలిక ఒకటి. వస్తువులు మాత్రమే అమ్మేవారికి నమోదు పరిమితి చాలా రాష్ట్రాల్లో 40 లక్షలు, పుదుచ్చేరిలోనూ తెలంగాణలోనూ 20 లక్షలు. సరిహద్దు దాటి వస్తువు అమ్మితే, చేతివృత్తుల సరుకు వంటి మినహాయింపులు తప్ప, అమ్మకం ఎంత చిన్నదైనా నమోదు తప్పనిసరి. ఇప్పుడు పటం చూడండి. నెల్లితోపు నుంచి దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో, రెండు రాష్ట్రాలు దాటి, గోదావరి ఒడ్డున ఉన్న యానాంకు సరుకు పంపితే అది ఒకే ప్రాంతంలోపలి అమ్మకం. బస్సెక్కితే గంటలో చేరే కడలూరుకు పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం. ఫ్రెంచివాళ్లు వదిలి వెళ్లిన సరిహద్దులు ఇప్పటికీ ఒక చిన్న అమ్మకందారు పన్ను లెక్కను నిర్ణయిస్తున్నాయి. చేతితో చేసిన సరుకు కాబట్టి అక్కకు ఈ బెడద తప్పింది. పక్క వీధిలో మిల్లు చీరలు కొని అమ్ముకునే ఆవిడకు తప్పలేదు.

ఇదంతా మెట్ల మీద కూర్చుని అక్కకు చెప్పాను. సగం విని, "అయితే బయటి దేశం కార్డు తీసుకోవద్దంటావా?" అంది. వద్దనలేదు. విదేశీ కార్డుతో వచ్చిన ఆర్డర్‌లో కొన్నవాడి దేశం ఒకటి, పంపాల్సిన చిరునామా ఇంకో దేశంలో ఉంటే ఆగి ఫోన్ చేయమన్నాను. పంపిన రసీదు, ట్రాకింగ్ నంబరు, అందినట్టు సంతకం ఆరు నెలలు దాచమన్నాను. కార్డు యజమాని కొని కూడా "అందలేదు" అంటే అవి పనికొస్తాయి. దొంగ కార్డైతే పెద్దగా పనికిరావు, ఆ సంగతీ చెప్పాను. పెద్ద ఆర్డరైతే బ్యాంకు బదిలీ అడగమన్నాను.

ఆ 2,400 తిరిగి రాలేదు. నిన్న రెయూనియన్ దీవి నుంచి రెండు జతల జుంకాలకు ఆర్డర్ వచ్చింది, కార్డు మీద. అక్క ఇంకా పార్సిల్ కట్టలేదు. వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడటానికి నాకు ఫ్రెంచి ఎంతవరకు వచ్చని అడుగుతోంది.